అడవి మంటలు ఆర్పేవాళ్లకు నాలుగు నెలల కూలేనా?

సంక్రాంతి వెళ్లి నెల తిరిగేసరికి అడవిలో ఆకు రాలడం మొదలవుతుంది. అక్కడి నుంచి తొలకరి పడేదాకా నల్లమల అయినా, శేషాచలం అయినా, ఆదిలాబాద్ టేకు అడవులైనా ఎండిన చితుకుల కుప్పే. అటవీశాఖ దీన్ని ఫైర్ సీజన్ అంటుంది. ఈ సీజను ముందు అడవి అంచు పల్లెల్లో ఏటా ఒక తంతు జరుగుతుంది. బీట్ ఆఫీసరు ఊళ్లోకి వచ్చి ఐదారుగురు కుర్రాళ్ల పేర్లు రాసుకుంటాడు. వాళ్లు ఫైర్ వాచర్లు అవుతారు. ఫిబ్రవరి నుంచి మే దాకా పని. తొలకరి పడిందంటే వాళ్ల పేర్లు కొట్టేస్తారు. మళ్లీ వచ్చే ఏడాది పిలుస్తారో లేదో కూడా చెప్పరు.

రైతుల పత్రికలో అడవి వాచర్ల గోడు ఎందుకని కొందరు సభ్యులు అడుగుతున్నారు. అటవీశాఖ మన మీద పెట్టిన కేసులు ఇంకా కోర్టుల్లో నలుగుతుంటే, ఆ శాఖ మనుషుల గురించి మనం మాట్లాడటమేమిటని గట్టిగానే అడిగినవారూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ ప్రశ్నకే ఇక్కడ జవాబు చెబుతున్నాం.

ముందు లెక్క చూద్దాం. 2024 డిసెంబరులో విడుదలైన దేశ అటవీ స్థితి నివేదికలో, అడవి మంటల్లో ఎంత విస్తీర్ణం కాలిందో రాష్ట్రాల వారీగా ఇచ్చారు. అందులో మొదటి స్థానం ఉత్తరాఖండ్‌ది కాదు. ఆంధ్రప్రదేశ్‌ది. 5,286 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్ర తర్వాత మూడో స్థానం తెలంగాణది, 3,983 చదరపు కిలోమీటర్లు. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే ఆంధ్రలో సుమారు 13 లక్షల ఎకరాలు, తెలంగాణలో 9 లక్షల 80 వేల ఎకరాలు. రెండూ కలిపితే 23 లక్షల ఎకరాలకు కాస్త తక్కువ. ఇంత అడవి మీద నిప్పు పారింది. మొదటి స్థానం వస్తే ఫ్లెక్సీలు కట్టుకునే మన పాలకులు ఈ మొదటి స్థానం గురించి నోరు విప్పలేదు. హిమాలయాల్లో కొండ అంటుకుంటే టీవీలు రోజంతా చూపిస్తాయి. నల్లమల అంటుకుంటే జిల్లా పేజీలో మూల వార్త.

దీనికి ఒక కారణం ఉంది. మన దగ్గర మంట చెట్ల కొనలదాకా ఎగసే మంట కాదు. నేల మీద పాకే మంట. రాలిన ఆకును, బోద గడ్డిని, చిన్న మొక్కలను కాల్చుకుంటూ పోతుంది. పెద్ద చెట్టు నిలబడే ఉంటుంది. తొలకరి పడగానే మళ్లీ పచ్చగా కనిపిస్తుంది. రోడ్డు మీద కారులో పోయేవాడికి ఏమీ పోయినట్టు అనిపించదు. కానీ ఆ చెట్టు కింద ఐదేళ్ల, పదేళ్ల మొలకలు పోయాయి. నేలను పట్టుకున్న ఆకు పొర పోయింది. గుల్ల విప్పిన నేల మీద మొదటి వాన పడితే మట్టి వాగుల్లోకి, వాగుల నుంచి మన చెరువుల్లోకి వస్తుంది. అడవి కింద ఉన్న ఆయకట్టు రైతుకు పూడిక గురించి మేం చెప్పనక్కర్లేదు. మేత కాలిపోయిన జింక, దుంప దొరకని అడవిపంది ఎటు వస్తాయో, వేరుశనగ, మొక్కజొన్న చేలల్లో రాత్రిళ్లు మంచె మీద కాపలా కాసే రైతుకు ఇంకా బాగా తెలుసు. కాలిన అడవిలో తేనె లేదు, గడ్డి లేదు, పశువులను తోలుకుపోవడానికి నీడ లేదు. మంట అడవి గట్టు దాటి వస్తే మామిడి తోట, డ్రిప్పు పైపులు, గడ్డివాము. పోయిన డ్రిప్పు పైపుకు పరిహారం అడిగితే ఏ శాఖా తనది కాదంటుంది.

2018లో కేంద్ర పర్యావరణ శాఖ, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక నివేదిక వేశాయి. అడవి మంటల వల్ల దేశానికి ఏటా కనీసం 1,101 కోట్ల రూపాయల నష్టమని అందులో లెక్కగట్టారు. కనీసం అన్న మాట గమనించండి. ప్రపంచ బ్యాంకు లెక్కలను మనం నెత్తిన పెట్టుకునే అలవాటు లేదు. కానీ వాళ్ల లెక్కలో కూడా మన చెరువు పూడిక, మన తోట, మన మేత సరిగా లేవు.

ఈ మంటను ఆర్పేది ఎవరు? విమానాలు, హెలికాప్టర్లు అనుకునేవాళ్లు 2014 మార్చిని గుర్తు చేసుకోవాలి. తిరుమల చుట్టూ శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లాయి, సైన్యం దిగింది. అది తిరుమల కాబట్టి వచ్చారు. ఆత్మకూరు దగ్గరో, మన్ననూరు దగ్గరో, ఉట్నూరు దగ్గరో అంటుకుంటే ఏ హెలికాప్టరూ రాదు. అక్కడికి వెళ్లేది బీట్ ఆఫీసరు, ఆయన వెంట నలుగురో ఐదుగురో వాచర్లు. కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో పచ్చి మండ.

ఆ పని ఎలా ఉంటుందో అంచు గ్రామాల్లో వాచర్లుగా చేసిన మన సభ్యుల పిల్లలు, చెంచు యువకులు చెప్పిన సంగతులు కొన్ని రాస్తున్నాం. అసలు పని మంట లేవకముందే మొదలవ్వాలి. డిసెంబరు, జనవరిలోనే ఫైర్ లైన్లు కొట్టాలి. అంటే అడవి మధ్యలో బాటల్లా కొన్ని మీటర్ల వెడల్పున గడ్డీ గాదం చెక్కి, చెక్కింది అక్కడే జాగ్రత్తగా కాల్చి, ఆకు లేని పట్టీ తయారు చేయాలి. మంట ఆ పట్టీ దగ్గరకొచ్చి తినడానికేమీ లేక ఆగుతుంది. ఇది మన చేను చుట్టూ కంచె వేయడం లాంటిది. పంట మేసేశాక కంచె వేస్తే ఏం లాభం? కానీ ఈ పనికి డబ్బు వచ్చేసరికి చాలాచోట్ల ఫిబ్రవరి దాటుతోంది. అప్పటికే ఆకు రాలిపోయి ఉంటుంది. కొట్టిన లైను మీదే మళ్లీ ఆకు పడుతుంది. దాన్ని ఊడ్చడానికి మళ్లీ కూలి లేదంటారు.

మంట లేచాక ఎదురుగా వెళ్లి ఆర్పడం ఉండదు. పక్కల నుంచి పోవాలి. గాలి ఎటు ఉందో చూడాలి. పగటిపూట గాలి లోయ నుంచి కొండ మీదకు ఎక్కుతుంది, మంట కూడా దానితో పాటు ఎక్కుతుంది. వాలు మీద పైన నిలబడ్డవాడు పరుగెత్తి మంటను గెలవలేడు. అందుకే అనుభవం ఉన్న వాచరు మధ్యాహ్నం మంటను చూసి ఆగమంటాడు. రాత్రి గాలి తగ్గి, కాస్త చల్లబడ్డాక మండలతో కొడుతూ అంచు వెంట నడుస్తారు. కొన్నిచోట్ల బ్లోయర్లు ఇచ్చారు. వీపు మీద పెట్రోలు ట్యాంకుతో, గాలి కొట్టి ఆకును పక్కకు నెట్టే యంత్రం. మంచిదే. పది మంది చేసే పని ఇద్దరు చేస్తారు. కానీ పెట్రోలు మోసుకుని మంట పక్కన నడుస్తున్నవాడికి మందపాటి బట్టలు, బూట్లు, కళ్లద్దాలు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బలం చాలకపోతే ఎదురు మంట పెడతారు. లైను దగ్గర తామే చిన్న మంట పెట్టి వచ్చే పెద్ద మంట వైపు పంపుతారు. రెండూ కలిసి చస్తాయి. గాలి తిరిగితే మాత్రం మధ్యలో మనుషులుంటారు.

ఆరిందని ఇంటికి పోవడానికీ లేదు. మొద్దుల్లో నిప్పు రెండు మూడు రోజులు దాగి ఉంటుంది. కొండ వాలు మీద కాలిన మొద్దు దొర్లి కిందికి పోయిందంటే కింద మళ్లీ అంటుకుంటుంది. ప్రతి మొద్దునూ విడదీసి మట్టి కప్పాలి. ఇదంతా ఐదు లీటర్ల నీళ్ల క్యానుతో, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దిమూటతో. ఎలుగుబంటి తగలొచ్చు, పాము తగలొచ్చు. పొగ పీల్చి వారం రోజులు దగ్గేవాళ్లను చూశాం. ఏ ఆసుపత్రిలోనూ వాళ్ల పేరు మీద పరీక్ష జరగలేదు.

ఇక ఉపగ్రహాల సంగతి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల హెచ్చరికలు పంపుతోంది. ఇప్పుడవి నేరుగా ఫోన్లకు వస్తున్నాయి. ఈ సాంకేతికతను మేం తీసిపారేయడం లేదు. ఎక్కడ మంట ఉందో తెలియక కొండంతా తిరిగే రోజులతో పోలిస్తే అది పెద్ద మేలు. కానీ మంత్రులు, పెద్ద అధికారులు దీన్ని మనుషులకు బదులుగా చూపిస్తున్నారు. ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది. అది చూపే ఒక్కో చుక్క నేల మీద వందల మీటర్ల మేర ఉంటుంది. పాత ఉపగ్రహాలదైతే కిలోమీటరు మేర. ఆ చుక్కలో మంట లోయలో ఉందో గుట్ట మీద ఉందో నడిచి వెళ్లి చూడాల్సిందే. నల్లమల లోపల సిగ్నల్ లేని చోట ఫోనుకొచ్చిన హెచ్చరిక ఎవరికి అందుతుంది? అందినా అది మంట ఆర్పదు. ఆర్పిన సంగతి మాత్రం ఫొటో తీసి యాప్‌లో పెట్టమంటున్నారు.

చనిపోయినవాళ్ల గురించి చెప్పుకోకుండా ఈ మాటలు పూర్తి కావు. 2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిస్సూర్ జిల్లాలో మంట ఆర్పబోయి ముగ్గురు వాచర్లు కాలిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్‌సర్ అభయారణ్యంలో నలుగురు సిబ్బంది అక్కడికక్కడే ప్రాణాలు విడిచారు. అంతకు నెల ముందే సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని నిలదీసింది. అడవులు తగలబడుతుంటే అటవీ సిబ్బందిని ఎన్నికల డ్యూటీకి ఎందుకు పంపారని అడిగింది. ఎన్నికలు ఏప్రిల్, మేలో వస్తే మన రాష్ట్రాలకూ అదే ముప్పు. మంటలూ అదే నెలల్లో.

ఒక పాత చట్టం సంగతి మన సభ్యుల్లో చాలామందికి తెలియదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం రెండో షెడ్యూలులో, ఎవరెవరిని కార్మికులుగా లెక్కించాలో జాబితా ఉంది. తాటిచెట్టు గీసేవాళ్లు, చెట్లు నరికేవాళ్లు ఉన్న వరుసలోనే అడవి మంటలను అదుపు చేసేవాళ్లు, ఆర్పేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పని ప్రాణం మీదకు తెచ్చే పని అని పాత చట్టమే ఒప్పుకుంది. ఇప్పుడు దాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. కానీ పరిహారం అడగాలంటే తాను పనిలో ఉన్నానని రుజువు చూపాలి. మస్టరులో ఒకరి పేరు, మంట దగ్గర మరొకరు. నెల జీతం ఒకరి ఖాతాలో పడి ముగ్గురు పంచుకునే చోట రేపు ఏదైనా జరిగితే ఎవరి పేరు మీద అడుగుతారు? గుర్తింపు కార్డు లేనివాడు చచ్చిపోతే కూలీ కూడా కాడు, అడవిలో తిరుగుతున్న ఎవరో ఒకడు అవుతాడు. అప్పుడు నిప్పు పెట్టింది కూడా అతనే అనడానికి వెనకాడరు.

నిప్పు ఎవరు పెడతారన్న ప్రశ్నకు పత్రికల్లో ఏటా ఒకటే జవాబు. గొర్రెల కాపరులు, పోడు రైతులు, ఆదివాసులు. మంట లేచిన మర్నాడు దగ్గర్లో మందతో కనిపించిన కాపరి మీద కేసు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1927 నాటి భారత అటవీ చట్టం 26వ సెక్షన్ చదవండి. రిజర్వు అడవిలో ఎవరైనా కావాలని గానీ, ఘోర నిర్లక్ష్యంతో గానీ నిప్పు పెడితే, ఆ అడవిలో అందరి మేత హక్కులనూ, అటవీ ఫలసాయం హక్కులనూ ప్రభుత్వం తనకు తోచినంత కాలం ఆపేయవచ్చు. ఒక్కడు తప్పు చేస్తే ఊరంతటికీ శిక్ష. అదే చట్టం 79వ సెక్షన్, అడవిలో హక్కులున్నవాళ్లు మంట లేస్తే వచ్చి ఆర్పాలని ఆజ్ఞాపిస్తుంది. రాకపోతే నేరం. వస్తే కూలి ఇవ్వాలని మాత్రం ఎక్కడా లేదు. మన రాష్ట్రాల్లో నడిచేది 1967 అటవీ చట్టం. దాని పుట్టుక కూడా ఆ తెల్లవాళ్ల గర్భంలోంచే. పశువుల మేతకు పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగిన పల్నాటి కన్నెగంటి హనుమంతును 1922లో తుపాకులతో కాల్చి చంపిన ప్రభుత్వపు ఆలోచన అది. అడవి సర్కారుది, జనం దొంగలు, మంట వస్తే మాత్రం ఆర్పేందుకు జనమే రావాలి.

అలాగని మనవాళ్లెవరూ నిప్పు పెట్టరని చెప్పబోవడం లేదు. సంఘం పత్రిక అబద్ధం రాయకూడదు. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకులో పువ్వు కనబడదు కాబట్టి చెట్టు కింద ఆకును కాల్చేవాళ్లున్నారు. కాల్చినవాళ్లు చుట్టూ చెక్కకపోతే అది పాకుతుంది. కొత్త గడ్డి త్వరగా లేస్తుందని కాల్చే కాపరులూ ఉన్నారు. అడవి గట్టున చేను ఉన్న కొందరు రైతులు పత్తికట్టె, కంది కొయ్యలు, మొక్కజొన్న చొప్ప మార్చి ఎండలో మిట్టమధ్యాహ్నం కాల్చి ఇంటికి వెళ్లిపోతున్నారు. ఇది మానుకోవాలి, మానిపించాలి. కానీ జాబితా అక్కడితో ఆగదు. శివరాత్రికి నల్లమల దారుల్లో నడిచి శ్రీశైలం వెళ్లేవాళ్లు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగేవాళ్లు వేల మంది. దారి పొడవునా పొయ్యిలు, బీడీలు, సిగరెట్లు. ఘాటు రోడ్డు మీద కారు ఆపి విందు చేసుకుని పోయేవాళ్లు మరో రకం. వాళ్ల మీద ఎప్పుడైనా కేసు పెట్టారా?

తునికాకు సంగతి ఇంకా పెద్దది. మంచి లేత ఆకు రావాలంటే ఫిబ్రవరి, మార్చిలో తునికి మొక్కల కొమ్మ కొట్టించాలి. దానికి కూలి ఇవ్వాలి. ఆ కూలి మిగుల్చుకోవాలంటే నిప్పు చవక. కాలిన నేలలోంచి కూడా లేత చిగురు వస్తుంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఆకు మాత్రం గోదాముకు చేరుతుంది. కొమ్మ కొట్టిన పనికి రికార్డు ఏది, ఎంత మందికి ఎంత కూలి ఇచ్చారు అని యూనిట్ల వారీగా తనిఖీ చేస్తే నిప్పు ఎక్కడి నుంచి వస్తోందో సగం తేలుతుంది. కాపరి మీద కేసు రాయడం తేలిక, కాంట్రాక్టరు లెక్క అడగడం కష్టం. అదీ అసలు సంగతి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అటవీశాఖతో మన తగాదా తీరలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్న పోడు రైతుల్లో ఎందరో ఇంకా తిరుగుతున్నారు. కందకాలు తవ్విన చోట, పంట పీకిన చోట మనం నిలబడ్డాం, ఇక ముందూ నిలబడతాం. కానీ 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో విధుల్లో ఉన్న రేంజ్ అధికారిని నరికి చంపినప్పుడు ఏం జరిగింది? ఒక కుటుంబం దిక్కులేనిదైంది. పోడు సాగుదారులందరి మీదా హంతకులన్న ముద్ర పడింది. భూమి సమస్య ఒక్క అంగుళం కదలలేదు. పోడు భూమికి పట్టా ఇవ్వకుండా ఏళ్లకేళ్లు నాన్చిన పాలకులు రాజధానిలో క్షేమంగా ఉన్నారు. కింద పేదవాడికీ పేదవాడికీ పోరు పెట్టి పైన కూర్చోవడం వాళ్లకు అలవాటైన విద్య. ఆ ఆటలో పావులం కాకూడదని మా నిశ్చితాభిప్రాయం.

వాచరు ఎవరు? ఎకరం, రెండెకరాల మెట్ట ఉన్న ఇంట్లో పిల్లవాడు. పెంటలో ఉండే చెంచు. బోరు ఎండిపోయి కూలికి వచ్చిన రైతు. మన సభ్యత్వ పుస్తకంలో పేరున్నవాడే ఫిబ్రవరిలో ఖాకీ చొక్కా వేసుకుంటాడు, జూన్‌లో మళ్లీ అరక కడతాడు. అతని చేతికి లాఠీ ఇచ్చి తన ఊరి మందలను తోలమంటారు, పని అయిపోగానే అతని మందనే తోలేస్తారు. బీట్ ఆఫీసరు పర్మినెంటు ఉద్యోగే అయినా ఆయన బతుకూ పెద్ద గొప్పగా లేదు. ఖాళీలు నింపక పక్క బీటు కూడా ఆయన నెత్తినే వేస్తారు. మంట రిపోర్టు, యాప్ ఫొటో, నర్సరీ, కోర్టు వాయిదా, అన్నిటికీ ఒక్కడే. మన తగాదా విధానంతో. మంట దగ్గర నిలబడ్డ మనిషితో కాదు.

డబ్బు లేదంటారా? గనులకు, ప్రాజెక్టులకు అడవి ఇచ్చేసినప్పుడు కంపెనీలు కట్టే సొమ్ము కంపా నిధిలో పడుతుంది. 2019 ఆగస్టులో కేంద్రం ఆ నిధి నుంచి రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసింది. అడవి మంటల నివారణకు ఆ డబ్బు వాడవచ్చని నిబంధనల్లోనే ఉంది. మంటల నివారణకు విడిగా కేంద్ర పథకం కూడా ఉంది, మన రాష్ట్రాలకు 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం వాటా. అడవిని అమ్మిన డబ్బు ఉంది, మిగిలిన అడవిని కాపాడే మనిషికి జూన్ జీతం లేదు! తోటలు పెంచుతామని పచ్చటి బోర్డులు పెట్టడానికి, ప్రారంభోత్సవాలకు ఖర్చయ్యే దానిలో కొంత కోసినా ఈ మనుషులను ఏడాదంతా పెట్టుకోవచ్చు.

ఏడాదంతా పని ఏముంటుంది అని ఒక అధికారి మమ్మల్ని అడిగాడు. వానాకాలంలో చెక్‌డ్యాములు, కందకాలు, మొక్కల పని ఎవరు చేస్తున్నారు? చలికాలంలో ఫైర్ లైన్లు ఎవరు కొట్టాలి? అదంతా ఇప్పుడు కాంట్రాక్టర్ల చేత ముక్కలు ముక్కలుగా చేయిస్తున్నారు. ఆ ముక్కలన్నీ కలిపితే పన్నెండు నెలలు నిండుతాయి. ఒకే గుట్టను పన్నెండు నెలలూ చూసినవాడికి ఎక్కడ ఊట ఉంది, ఎక్కడ బోద దట్టంగా ఉంది, గాలి ఏ లోయలోంచి తిరుగుతుందో తెలుస్తుంది. ఏటా కొత్త పేరు రాసుకుంటే ఆ తెలివి ఏటా పోతుంది. మంట ఎప్పుడు ఆర్పాలో తెలిసినవాడు ఇంట్లో కూర్చుంటే తెలియనివాడు మధ్యాహ్నం కొండెక్కి కాలిపోతాడు.

అందుకే సంఘం ఈ డిమాండ్లు పెడుతోంది. ఫైర్ వాచర్లను, బేస్ క్యాంపుల్లో పనిచేసే వాచర్లను పన్నెండు నెలల పనిలోకి తీసుకోవాలి. తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో చెప్పిన తీర్పును ఇక్కడ అమలు చేయాలి. జీతం ప్రతి నెలా, ఎవరి ఖాతాలో వారికి పడాలి. పేరు, బీటు రాసిన గుర్తింపు కార్డు పనిలో చేరిన రోజే ఇవ్వాలి. బూట్లు, నూలు బట్టలు, కళ్లద్దాలు, నీళ్లు లేకుండా ఎవరినీ మంట దగ్గరకు పంపరాదు. ఫైర్ లైన్ల డబ్బు నవంబరులోపు రేంజి ఆఫీసుకు చేరాలి. ఎన్నికల విధులకు ఫీల్డు సిబ్బందిని తీసుకోకూడదు. ఇప్పపువ్వు ఏరే కుటుంబాలకు చెట్టు కింద పరుచుకునే వలలు గిరిజన సహకార సంస్థ ద్వారా ఉచితంగా ఇవ్వాలి. వల ఉంటే ఎవరికీ నిప్పుతో పని ఉండదు. తునికాకు యూనిట్లలో కొమ్మ కొట్టిన పని మస్టర్లు గ్రామసభ ముందు పెట్టాలి. అడవిని కాపాడే అధికారం అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. మంట మీద విచారణ కూడా ఆ గ్రామసభ ముందే జరగాలి. దొరికిన కాపరిని స్టేషనుకు ఈడ్చుకుపోయే పద్ధతి ఆపాలి. మంట దాటి వచ్చి కాలిన తోటకు, పైపులకు, గడ్డివాముకు పరిహారం ఇచ్చే ఉత్తర్వు రావాలి.

మన గ్రామ కమిటీలు ఈ నెలలోనే కొన్ని పనులు చేయాలి. మీ ఊరి నుంచి పోయిన ఏడాది వాచర్లుగా చేసినవారి పేర్లు, ఎన్ని నెలలు చేశారు, ఎంత జీతం బాకీ ఉంది రాసి మండల కమిటీకి పంపండి. వాళ్లను సంఘ సమావేశానికి పిలవండి. ఖాకీ చొక్కా వేసుకున్నాడని వెనక బెంచీలో కూర్చోబెట్టకండి. అడవి గట్టున చేలున్న రైతులు చొప్ప, కట్టె కాల్చక తప్పదనుకుంటే ఫిబ్రవరి లోపే, పొద్దున్నే, చుట్టూ మూడు సాళ్లు దున్నుకుని, వాచరుకు ముందుగా చెప్పి, నిప్పు చల్లారేదాకా దగ్గరుండి కాల్చాలని తీర్మానం చేయండి. రోటవేటరు దొరికితే అసలు కాల్చకుండా దున్నేయండి. బాకీ జీతాల జాబితాలు అందగానే, ఫిబ్రవరి మొదటి వారంలో, జిల్లా అటవీ అధికారి కార్యాలయాల ముందు వాచర్లతో కలిసి కూర్చుంటాం. తేదీలు జిల్లా కమిటీలు తెలియజేస్తాయి. వచ్చేటప్పుడు జీతం పడని నెలల బ్యాంకు పుస్తకం నకలు తెచ్చుకోమని వాళ్లకు చెప్పండి.